8:04 రైలెక్కిన రేచల్‌ని నమ్మొచ్చా?

రోజూ ఉదయం ఆమె టైమ్‌కి లేస్తుంది. తయారవుతుంది. బ్యాగ్ తగిలించుకుని 8:04 రైలెక్కి లండన్ వెళ్తుంది. సాయంత్రం మళ్లీ రైల్లోనే తిరిగొస్తుంది. చూసేవాళ్లకి అచ్చం ఉద్యోగస్తురాలే. కానీ ఆమెకు ఉద్యోగం లేదు. తాగుడు వల్ల అది పోయి నెలలు గడిచింది. ఆ సంగతి తను ఉంటున్న ఇంటి ఓనరమ్మకి, అంటే తన కాలేజీ నాటి స్నేహితురాలికి, తెలియకూడదు. అందుకే రోజూ ఈ ప్రయాణం.

ఆమె పేరు రేచల్. పౌలా హాకిన్స్ రాసిన 'ద గర్ల్ ఆన్ ద ట్రైన్' నవలలో ప్రధాన పాత్ర. 2015 జనవరిలో వచ్చిన ఈ సైకలాజికల్ థ్రిల్లర్ ప్రపంచవ్యాప్తంగా 2 కోట్ల కాపీలకు పైగా అమ్ముడైంది. సినిమాగానూ వచ్చింది. 'ప్లేస్‌మెంట్ల సీజన్‌లో నవల గురించి ఎందుకు బాస్?' అని మీరు అడగొచ్చు. రెండు కారణాలున్నాయి. మనకు ఎవరేం చెప్పినా, అందులో ఎంతవరకు నిజమో తేల్చుకునే అలవాటు ఈ నవల బాగా నేర్పిస్తుంది. అది ఒకటి. రెండోది, ఉద్యోగం లేకపోయినా ఉన్నట్టు నటించే రేచల్‌లు అమీర్‌పేట హాస్టళ్లలో, కూకట్‌పల్లి రూముల్లో, బెంగళూరు పీజీల్లో చాలామందే ఉన్నారు. రెండో కారణం దగ్గరికి చివర్లో వద్దాం.

(క్లైమాక్స్ చెప్పేయను. ధైర్యంగా చదవండి.)

కిటికీలోంచి కనిపించిన కథ

రేచల్ ఎక్కే రైలు రోజూ ఒక సిగ్నల్ దగ్గర ఆగుతుంది. పట్టాల పక్కనే ఇళ్ల వరుస. అందులో పదిహేనో నంబర్ ఇంట్లో ఓ యువ జంట కనిపిస్తుంది. వాళ్లెవరో రేచల్‌కి తెలియదు. అయినా వాళ్లకి జెస్, జేసన్ అని పేర్లు పెట్టేస్తుంది. అతను డాక్టర్ అయ్యుంటాడని, ఆమె ఫ్యాషన్ రంగంలో పనిచేస్తూ ఉండొచ్చని, ఇద్దరూ ఎంతో ప్రేమగా ఉంటారని ఊహించుకుంటుంది. రైలు అక్కడ ఆగేది కాసేపే. మిగతా కథంతా ఆమె బుర్రలో తయారైందే.

అదే వీధిలో కొన్ని ఇళ్ల అవతల 23వ నంబర్ ఇల్లుంది. ఒకప్పుడు రేచల్ కాపురం చేసిన ఇల్లు. ఇప్పుడు అందులో ఆమె మాజీ భర్త టామ్, అతని కొత్త భార్య అన్నా, వాళ్ల పాప ఉంటున్నారు. కిటికీలోంచి రేచల్ చూసేది పక్కింటినే అయినా, ఆమె తప్పించుకుని తిరుగుతున్నది ఆ 23వ నంబర్ ఇంటినే అని మనకు మెల్లగా అర్థమవుతుంది.

ఒకరోజు ఆ 'జెస్' తన భర్త కాని మరో మగాడిని ముద్దు పెట్టుకోవడం రేచల్ కంట పడుతుంది. కొద్ది రోజులకే ఆమె కనిపించకుండా పోయిందని వార్త. అసలు పేరు మేగన్. ఆమె మాయమైన శనివారం రాత్రి రేచల్ కూడా ఆ చుట్టుపక్కలే ఉంది. ఫుల్లుగా తాగి ఉంది. మర్నాడు లేచేసరికి తలకి గాయం, ఒంటిమీద కమిలిన గుర్తులు. ఆ రాత్రి ఏం జరిగిందో ఒక్క ముక్క గుర్తులేదు.

ఇప్పుడు ఆలోచించండి. ఈ కేసులో మనకు దొరికిన సాక్షి ఎవరు? తాగుడుకి బానిసైన మనిషి. అబద్ధాలాడే అలవాటున్న మనిషి. మాజీ భర్తకి అర్ధరాత్రి ఫోన్లు చేసి విసిగించే మనిషి. పోలీసులు ఆమె మాట పట్టించుకోరు. పట్టించుకోకపోవడానికి వాళ్ల దగ్గర సరైన కారణాలే ఉన్నాయి. కానీ ఆమె చూసినది మాత్రం నిజం. నవల పట్టంతా ఇక్కడే ఉంది: నమ్మలేని మనిషి నిజం చెబుతుంటే ఏం చేస్తాం?

చెప్పేవాళ్లే తేడా అయితే..

సాహిత్యంలో ఇలాంటి పాత్రను 'అన్‌రిలయబుల్ నరేటర్' అంటారు. మన మాటల్లో చెప్పాలంటే, పూర్తిగా నమ్మడానికి వీల్లేని కథకులు. ఈ మాటను వాడుకలోకి తెచ్చింది అమెరికన్ విమర్శకుడు వేన్ బూత్. 1961లో వచ్చిన 'ద రెటరిక్ ఆఫ్ ఫిక్షన్' పుస్తకంలో ఆయన దీని గురించి రాశారు. పేరు అప్పుడొచ్చింది గానీ, పద్ధతి అంతకంటే చాలా పాతది. ఎడ్గార్ అలన్ పో 1843లోనే 'ద టెల్ టేల్ హార్ట్' అనే కథ రాశారు. హత్య చేసినవాడే కథ చెబుతుంటాడు. తనకు పిచ్చి లేదని మనల్ని ఒప్పించడానికి వాడు ఎంత తంటాలు పడతాడో, మనకు అంత అనుమానం పెరుగుతుంది. పట్టుమని పది పేజీలుండదు. ఈ రకం కథలు రుచి చూడాలంటే దాంతో మొదలుపెట్టొచ్చు.

నమ్మలేకపోవడానికి కారణం అన్ని చోట్లా ఒకటే ఉండదు. స్థూలంగా మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటి రకం, కావాలని అబద్ధం చెప్పేవాళ్లు. వీళ్లకి నిజం తెలుసు, మన దగ్గర దాస్తారు. గిలియన్ ఫ్లిన్ 2012లో రాసిన 'గాన్ గర్ల్'లో భార్యాభర్తలు చెరోవైపు నుంచి కథ చెబుతుంటే, ఎవరి మాట తూకం వేయాలో తెలియక తల తిరుగుతుంది.

రెండో రకం, తమను తామే మోసం చేసుకునేవాళ్లు. కజువో ఇషిగురో 1989 నవల 'ద రిమెయిన్స్ ఆఫ్ ద డే'లో స్టీవెన్స్ అనే బట్లర్ ఉంటాడు. జీవితమంతా ఓ దొరవారి సేవలో గడిపేస్తాడు. ఆ దొర చేసింది తప్పని, తను ఒకరిని ప్రేమించి కూడా నోరు విప్పలేదని ఒప్పుకోవడానికి అతనికి మనసు రాదు. మనతో అతను కావాలని అబద్ధం ఆడడు. కానీ అతను దాటేసిన మాటల్లోనే అసలు కథ ఉంటుంది.

మూడో రకం, నిజం చెప్పాలని ఉన్నా చేతిలో సమాచారం లేనివాళ్లు. రేచల్ ప్రధానంగా ఈ రకం. అవతలివాళ్ల దగ్గర చిన్నాచితకా అబద్ధాలు ఆడుతుంది, నిజమే. మేగన్ ఫ్రెండ్‌నని చెప్పి ఆమె భర్తను పరిచయం చేసుకుంటుంది కూడా. కానీ మనతో, అంటే పాఠకులతో, దాదాపు అంతా ఉన్నదున్నట్టు చెబుతుంది. సమస్య ఏంటంటే ఆమె జ్ఞాపకంలోనే పెద్ద చిల్లు ఉంది.

సేవ్ కాని ఫైల్

తాగినప్పుడు జరిగింది మర్చిపోవడాన్ని 'బ్లాకవుట్' అంటారు. స్పృహ తప్పడం వేరు, ఇది వేరు. బ్లాకవుట్‌లో ఉన్న మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, గొడవ పడతాడు. కొందరు బండి కూడా నడిపేస్తారు. పక్కవాళ్లకి తేడా తెలియకపోవచ్చు. కానీ రక్తంలో ఆల్కహాల్ వేగంగా పెరిగినప్పుడు మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగం సరిగ్గా పనిచేయదు. అప్పటికప్పుడు జరుగుతున్నదాన్ని ఎక్కువకాలం నిలిచే జ్ఞాపకంగా మార్చడం దాని డ్యూటీ. అదే ఆగిపోతుంది.

కంప్యూటర్ భాషలో చెప్పుకుంటే ఈజీ. ఫైల్ ర్యామ్‌లో ఓపెన్ అయి ఉంది, మీరు టైప్ చేస్తున్నారు, స్క్రీన్ మీద కనిపిస్తోంది. కానీ హార్డ్ డిస్క్‌లో సేవ్ అవ్వడం లేదు. కరెంటు పోయాక ఎంత వెతికినా దొరకదు. ఎందుకంటే ఫైల్ డిలీట్ అవ్వలేదు, అసలు రాసుకోనే లేదు.

ఇందులోనూ రెండు రకాలున్నాయి. పూర్తి బ్లాకవుట్‌లో కొన్ని గంటలు మొత్తంగా ఖాళీ. పాక్షిక బ్లాకవుట్‌లో ముక్కలు ముక్కలుగా కొన్ని మిగులుతాయి. ఆ ప్రదేశానికి వెళ్లినా, అక్కడున్న మనిషిని చూసినా ఒకటో రెండో ముక్కలు పైకి రావొచ్చు. రేచల్‌కి ఆ రాత్రి తాలూకు కొన్ని శబ్దాలు, రంగులు, ఒక భయం మిగిలాయి. వాటిని పట్టుకుని ఆమె వెనక్కి నడవడమే నవల. థ్రిల్లర్లలో జ్ఞాపకాలు కరెక్ట్‌గా క్లైమాక్స్ టైమ్‌కి తిరిగొస్తాయి, అది రచయితలు తీసుకునే స్వేచ్ఛ. అసలు జీవితంలో పూర్తి బ్లాకవుట్ నుంచి ఏదీ తిరిగి రాదు. ఫైనలియర్ పార్టీల్లో 'నిన్న రాత్రి ఏం చేశానో గుర్తులేదు మామా' అని నవ్వుకునే డైలాగ్ వెనక ఇంత సీరియస్ విషయం ఉంది.

గుర్తున్నదంతా నిజమేనా?

సరే, తాగితే గుర్తుండదు. తాగనివాళ్ల సంగతేంటి? మన జ్ఞాపకం సీసీ కెమెరా ఫుటేజీలా ఉంటుందని అనుకుంటాం. కాదని చూపించిన ప్రయోగం ఒకటుంది. సైకాలజీ చదివినవాళ్లందరికీ తెలిసినదే. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో విద్యార్థులకు కార్లు ఢీకొన్న వీడియోలు చూపించారు. తర్వాత, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. ప్రశ్నలో ఒకే ఒక్క క్రియాపదం మార్చారు. 'తగిలినప్పుడు' అనే అర్థమొచ్చే మాట వాడితే జనం సగటున గంటకు 34 మైళ్లు అన్నారు. 'నుజ్జునుజ్జుగా గుద్దుకున్నప్పుడు' అనే అర్థమొచ్చే మాట వాడితే 40 దాటించారు. వీడియో ఒకటే!

ఇంకో విడత ప్రయోగంలో వారం తర్వాత పిలిచి, పగిలిన గాజు ముక్కలు చూశారా అని అడిగారు. 'గుద్దుకున్న' ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. 'తగిలిన' ప్రశ్న విన్న 50 మందిలో ఆ మాట అన్నది ఏడుగురు. వీడియోలో గాజు ముక్కలే లేవు.

అంటే అడిగే ప్రశ్న కూడా జ్ఞాపకాన్ని మార్చేయగలదు. మరి ఒకే మాటను నెలల తరబడి, మనకు బాగా దగ్గరైనవాళ్లే చెబుతూ ఉంటే? 'నువ్వు ఇలాంటి దానివి', 'నిన్న నువ్వు ఇలా ప్రవర్తించావు' అని రోజూ వినిపిస్తే? దీనికే ఇప్పుడు సోషల్ మీడియాలో 'గ్యాస్‌లైటింగ్' అని పేరు. ఈ మాట పుట్టింది ప్యాట్రిక్ హామిల్టన్ 1938లో రాసిన 'గ్యాస్ లైట్' అనే నాటకం నుంచి. భార్యకు మతి చలించిందని ఆమెనే నమ్మించే భర్త కథ అది. ఇంట్లో గ్యాస్ దీపాల వెలుగు తగ్గిందని ఆమె అంటుంది. నిజంగానే తగ్గింది. కానీ అది నీ భ్రమ అని కొట్టిపారేస్తాడు. 1944లో హాలీవుడ్ దాన్ని సినిమాగా తీసింది. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి ఉత్తమ నటిగా ఆస్కార్ వచ్చింది అందులోనే.

రేచల్ కథ చదివేటప్పుడు ఈ నాటకాన్ని ఒక మూల గుర్తుపెట్టుకోండి. ఇంతకంటే చెబితే స్పాయిలర్.

మూడు గడుల కాగితం

ఇలాంటి నవలను మామూలుగా చదివితే కథ తెలుస్తుంది. కాస్త పద్ధతిగా చదివితే ఒక నైపుణ్యం వస్తుంది. ఒక కాగితం మీద మూడు గడులు గీయండి. చూసింది, విన్నది, ఊహించింది. కథకురాలు చెప్పే ప్రతి ముఖ్యమైన విషయం దగ్గర ఆగి, 'ఇది ఈమెకు ఎలా తెలుసు?' అని అడగండి. సమాధానాన్ని బట్టి ఏదో ఒక గడిలో వేయండి.

ఉదాహరణకి, మేడ మీద జంట కూర్చుని ఉంది: చూసింది. వాళ్ల కాపురం బంగారం: ఊహించింది. తాగినప్పుడు తను ఎలా ప్రవర్తిస్తుందో రేచల్ చాలాసార్లు చెబుతుంది. అవి ఏ గడిలోకి వస్తాయో మీరే తేల్చండి. సగం నవల అయ్యేసరికి మీ కాగితమే మీకు ఏదో చెప్పడం మొదలుపెడుతుంది.

ఇంకో చిట్కా, తేదీలు వదిలేయొద్దు. ఈ నవలను ముగ్గురు ఆడవాళ్లు చెబుతారు. రేచల్, మేగన్, అన్నా. ప్రతి భాగం మీద తేదీ, ఉదయమా సాయంత్రమా అన్నది ఉంటుంది. రేచల్ కథ 2013 జులైలో మొదలైతే, మేగన్ కథ 2012 మే నుంచి నడిచి వస్తుంది. తేదీలు చూడకుండా స్పీడ్‌గా చదివేస్తే సగం క్లూలు గాల్లో కలిసిపోతాయి. ముగ్గురూ ఒకే సంఘటనను ఎలా వేర్వేరుగా చెబుతున్నారో పోల్చి చూడండి. రేచల్‌ను అన్నా ఒక ప్రమాదంలా చూస్తుంది. అన్నాను రేచల్ తన ఇల్లు లాక్కున్న మనిషిలా చూస్తుంది. ఇద్దరి వైపు నుంచీ చూస్తే ఇద్దరి మాటలోనూ అర్థముంది.

ఉద్యోగానికి ఇది ఎక్కడ పనికొస్తుంది?

నవల చదివితే జాబ్ వచ్చేస్తుందని చెప్పను. అలా చెప్పేవాళ్లను కూడా నమ్మొద్దు. కానీ ఆ మూడు గడుల అలవాటు మాత్రం చాలా చోట్ల అక్కరకొస్తుంది.

క్యాట్, బ్యాంక్ పరీక్షలు, క్యాంపస్ ఆప్టిట్యూడ్ టెస్టుల్లో రీడింగ్ కాంప్రహెన్షన్ ఉంటుంది. అందులో ఎక్కువ మంది దెబ్బతినేది ఇన్ఫరెన్స్ ప్రశ్నల్లోనే. ప్యాసేజ్‌లో ఉన్నదేంటి, రచయిత సూచించిందేంటి, మనం సొంతంగా కలిపిందేంటి? ఈ తేడా పట్టుకోవడమే అక్కడి పరీక్ష. రేచల్‌తో 300 పేజీలు ప్రయాణం చేస్తే ఈ కండరం గట్టిపడుతుంది.

సాఫ్ట్‌వేర్ సపోర్ట్‌లో చేరితే మొదటి వారంలోనే ఒక డైలాగ్ వింటారు. 'నేనేం మార్చలేదండీ, దానంతటదే ఆగిపోయింది.' చెప్పే యూజర్ అబద్ధం ఆడుతున్నాడని కాదు. తను చేసినది తనకు మార్పులా అనిపించలేదు, అంతే. అనుభవమున్న ఇంజినీర్ అతనితో వాదన పెట్టుకోడు, అలాగని ఆ మాటే ఫైనల్ అనుకోడు. లాగ్స్ తెరుస్తాడు, టైమ్ చూస్తాడు, మాటకీ రికార్డుకీ ఎక్కడ తేడా వచ్చిందో వెతుకుతాడు. రేచల్ విషయంలో పోలీసులు చేయని పని ఇదే. మనిషి మీద అపనమ్మకంతో ఆమె తెచ్చిన సమాచారాన్ని కూడా పక్కన పడేశారు.

ఇక ఫేక్ ఆఫర్లు. 'మా కన్సల్టెన్సీ ద్వారా బ్యాక్‌డోర్, లక్షన్నర కడితే చాలు' అని కాల్ వచ్చిందనుకోండి. కాగితం తీయండి. పీడీఎఫ్ ఆఫర్ లెటర్ వచ్చింది: చూసింది. అది కంపెనీయే పంపింది: వాళ్లు చెప్పగా విన్నది. జాయినింగ్ పక్కా: ఊహించింది. ఇప్పుడు 'చూసింది' గడిలో ఎంత మిగిలిందో లెక్కపెట్టండి. మెయిల్ ఏ డొమైన్ నుంచి వచ్చిందో చూడండి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉన్న నంబర్‌కి మీరే ఫోన్ చేసి అడగండి. ఉద్యోగం ఇస్తామని డబ్బు అడిగారంటే అక్కడితో కథ అయిపోయినట్టే.

రచయిత్రి కథ కూడా చదవాల్సిందే

పౌలా హాకిన్స్ 1972లో ఇప్పటి జింబాబ్వేలో పుట్టారు. లండన్‌లో బిజినెస్ జర్నలిస్టుగా పనిచేశారు. 'ద గర్ల్ ఆన్ ద ట్రైన్' ఆమె మొదటి నవల అని చాలామంది అనుకుంటారు. అంతకుముందు 'ఏమీ సిల్వర్' అనే మారుపేరుతో రొమాంటిక్ కామెడీ నవలలు రాశారు. అవి పెద్దగా ఆడలేదు. చేతిలో డబ్బులు అయిపోయి, తండ్రి దగ్గర అప్పు తీసుకుని మరీ ఈ నవల మీద కూర్చున్నారు. అప్పటికి ఆమె వయసు నలభై దాటింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. తనకు నప్పని రకం పుస్తకాలు రాయడం ఆపి, తన స్వభావానికి తగ్గ చీకటి కథను ఎంచుకున్నాకే ఆమెకు దారి దొరికింది. కోర్ బ్రాంచ్ చదివి కోడింగ్‌లో ఇరుక్కున్నవాళ్లు, కోడింగ్ చదివి డిజైన్ అంటే ఇష్టపడేవాళ్లు ఈ ముక్కను కాస్త ఆలోచించుకోవచ్చు. ఇంకోటి, డబ్బు అవసరమైనప్పుడు ఆమె ఆ మాట ఇంట్లో చెప్పారు. ఆమె సృష్టించిన రేచల్ మాత్రం చెప్పలేకపోయింది.

మన మధ్య 8:04 రైళ్లు

ఇప్పుడు ఆ రెండో కారణం. నా బ్యాచ్‌మేట్ ఒకడు మాదాపూర్‌లో పనిచేసేవాడు. ఒకరోజు కంపెనీ అతనితో పాటు కొందరిని తీసేసింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. రూమ్మేట్స్‌కీ చెప్పలేదు. ఐదు నెలలపాటు రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, లంచ్ బాక్స్ పట్టుకుని బయల్దేరేవాడు. మెట్రో ఎక్కి ఎక్కడో దిగి, లైబ్రరీలోనో పార్కులోనో కూర్చుని సాయంత్రం తిరిగొచ్చేవాడు. ఇంటి నుంచి ఫోన్ వస్తే 'మీటింగ్‌లో ఉన్నా నాన్నా, తర్వాత చేస్తా' అనేవాడు. దాచుకున్న డబ్బులోంచి కొంత, అప్పు తెచ్చి కొంత ప్రతి నెలా ఇంటికి పంపేవాడు.

చివరికి దసరాకి ఊరెళ్లినప్పుడు చెప్పేశాడు. వాళ్ల నాన్న చిన్న ఎలక్ట్రికల్ షాపు నడుపుతారు. ఆయన కోప్పడలేదు. 'ఒకటో తారీఖు పడే డబ్బు పదో తారీఖు పడటం మొదలైనప్పుడే అనుకున్నారా. నువ్వే చెప్తావని చూస్తున్నా' అన్నారట. ఆ తర్వాత మావాడికి వెంటనే ఉద్యోగమేమీ రాలేదు. ఇంకో నాలుగు నెలలు పట్టింది. కానీ పార్కులో కూర్చునే ఆ ఎనిమిది గంటలు చదువుకి దొరికాయి. రిఫరెన్స్ అడగడానికి పాత సహోద్యోగులకు ఫోన్ చేయగలిగాడు. అబద్ధం కాపాడుకోవడానికి ఖర్చయిన శక్తంతా వెనక్కి వచ్చింది.

రేచల్ నవలలో నన్ను ఎక్కువ వెంటాడింది మర్డర్ మిస్టరీ కాదు, ఇదే. ఆమె రోజూ తన గురించి తనకు ఒక కథ చెప్పుకుంటుంది. నేను చెడ్డదాన్ని, నా వల్ల అందరికీ బాధే, నన్ను ఎవరూ నమ్మరు, నమ్మకపోవడమే కరెక్ట్. ఆ కథను ఆమె ఎక్కడా పరీక్షించదు. మనలో చాలామంది అంతే. పది కంపెనీల నుంచి రిప్లై రాలేదు: ఇది చూసింది. 'నీకు కమ్యూనికేషన్ లేదు' అని ఎవరో అన్నారు: విన్నది. నేను దేనికీ పనికిరాను: ఇది శుద్ధ ఊహ. కానీ రాత్రి రెండింటికి పడుకుని పైకప్పు చూస్తున్నప్పుడు మూడో గడిలో ఉన్నదే మొదటి గడిలో ఉన్నట్టు అనిపిస్తుంది. అప్పుడు మన కథకి మనమే అన్‌రిలయబుల్ నరేటర్లం. కాబట్టి ఆ కథ చదవడానికి ఇంకో మనిషి కావాలి. అన్నయ్యో, అక్కో, ఫ్రెండో, మేడమో.. ఒక్కరైనా.

రెజ్యుమెలో గ్యాప్ ఉన్నా ఇదే సూత్రం. ఇంటర్వ్యూ చేసేవాళ్లు మీ కథకు పాఠకులు. తేదీలు కలవకపోతే వాళ్ల చేతిలో ఉన్న కాగితం మీద కూడా మూడు గడులు మొదలవుతాయి. 'ఫలానా నెలలో ఉద్యోగం పోయింది. తర్వాత ఇది నేర్చుకున్నాను, ఈ ప్రాజెక్టు చేశాను' అని రెండు వాక్యాల్లో చెప్పేయండి. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోవడం కంటే గ్యాప్ చెప్పడం వెయ్యి రెట్లు నయం.

నిద్ర పట్టకపోయినా, తాగుడు అలవాటు చేతిలోంచి జారిపోతున్నా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి కాల్ చేయండి. ఉచితం. ఏ వేళకైనా పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడొచ్చు.

తెలుగులో ఏం చదవొచ్చు?

మనసు లోపలి గొడవను రాయడంలో మన తెలుగు నవలలేం తక్కువ తినలేదు. థ్రిల్లర్లు కాకపోయినా, రేచల్ నచ్చినవాళ్లకి ఇవీ నచ్చుతాయి.

అల్పజీవి: రాచకొండ విశ్వనాథశాస్త్రి నవల. సుబ్బయ్య అనే గుమాస్తా భయాలు, ఆత్మన్యూనత, తనలో తను మాట్లాడుకునే మాటలే కథ. సివిల్స్‌లో తెలుగు ఆప్షనల్ తీసుకున్నవాళ్లకు ఇది సిలబస్‌లోనూ ఉంది.

అసమర్థుని జీవయాత్ర: త్రిపురనేని గోపీచంద్ రచన. తన ప్రతి ఓటమికీ ఒక సిద్ధాంతం తయారుచేసుకునే సీతారామారావు కథ. తనను తాను మోసం చేసుకునే మనిషిని చూడాలంటే ఇది చదవాలి.

అంపశయ్య: నవీన్ రాసిన ఈ నవల 1969లో వచ్చింది. ఉస్మానియా యూనివర్సిటీ విద్యార్థి రవి జీవితంలో ఒకే ఒక్క రోజు. డబ్బు, పరీక్షలు, ప్రేమ, భవిష్యత్తు భయం.. అన్నీ అతని ఆలోచనల ప్రవాహంలోనే. హాస్టల్ రూమ్‌లో చదివితే మన పక్క మంచం వాడి కథలా ఉంటుంది.

మొదలుపెట్టే ముందు..

* ఇంగ్లిష్ నవలలు అలవాటు లేకపోయినా 'ద గర్ల్ ఆన్ ద ట్రైన్' చదవగలరు. వాక్యాలు చిన్నవి, భాష డైరీలా ఉంటుంది. ప్రతి పదానికీ డిక్షనరీ తెరవొద్దు. ఒకే పదం మూడోసారి అడ్డొస్తే అప్పుడు చూడండి.

* రోజుకి 20 పేజీలు చాలు. రెండు వారాల్లో అయిపోతుంది. పరీక్షల ముందు రోజు మాత్రం మొదలుపెట్టొద్దు, కింద పెట్టలేరు.

* సినిమా తర్వాత చూడండి. 2016 హాలీవుడ్ సినిమాలో ఎమిలీ బ్లంట్ రేచల్‌గా చేశారు. కథను లండన్ నుంచి న్యూయార్క్ వైపు మార్చారు. 2021 హిందీ రీమేక్ నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, పరిణీతి చోప్రా నటించారు. నవలకీ ఈ రెండింటికీ ఏం తేడా వచ్చిందో, ఆ మార్పు ఎందుకు చేసి ఉంటారో ఒక పేజీ రాయండి. గ్రూప్ డిస్కషన్‌కి మంచి ప్రాక్టీస్.

* కొత్త పుస్తకమే కొనాలని లేదు. ఆదివారం పాత పుస్తకాల బజార్లలో, కాలేజీ లైబ్రరీలో తేలిగ్గా దొరికే నవల ఇది.

* సగంలో ఆగి, దోషి ఎవరో మీ అంచనా కాగితం మీద రాసి మడిచి పెట్టండి. దాని కింద కారణాలు కూడా రాయండి. పుస్తకం పూర్తయ్యాక ఆ కాగితం విప్పండి. అంచనా తప్పితే, మీరు రాసిన కారణాల్లో ఎన్ని 'ఊహించింది' గడిలోవో ఒకసారి లెక్కపెట్టుకోండి.